అవుకు జలవిహారము – రేవు మర్యాద



నంద్యాలకు నైఋతి దిక్కున, బనగానపల్లెకు ఆవల, ఎఱ్ఱమల కొండల చెంత అవుకు అను గ్రామము గలదు. విజయనగర ప్రభువుల కాలమున అరవీటి వంశపు శాఖ యొకటి యిచ్చట నుండి చుట్టుపట్ల సీమను పాలించెను. అందుచేత పూర్వము అవుకు అనగానే పెద్దలకు కోటయు, దొరలును జ్ఞప్తికి వచ్చెడివారు. నేటి పిల్లలను అడిగినచో వేఱు సమాధానము వచ్చును. అవుకు అనగా వారికి నీరు. కొండల నడుమ కనుచూపు మేర పఱచుకొన్న జలాశయము. ఆ జలాశయముపై పడవ విహారము.

యాగంటి క్షేత్రమున ఉమామహేశ్వరుని సేవించినవారును, బెలుము గుహలలో దిగి వచ్చినవారును, ఆ దినమే అవుకు కట్టను కూడ చూచిపోవుట యిటీవలి సంవత్సరములలో అలవాటైనది. ఇట్టి విహారములలో పడవ నెక్కునప్పుడు ఒకరి పేరొకరు ఎఱుగరు. ఒక యూరివారు నలుగురు, మఱియొక యూరివారు ఐదుగురు, ఎచ్చటనో ఉద్యోగము చేయుచు సెలవునకు వచ్చిన యువకులు ఇద్దఱు. రేవు విడిచిన కొంతసేపటికే “ఏ ఊరండీ మీది?” అను ప్రశ్న పుట్టును. ఆ తరువాత చుట్టరికములు బయటపడును. చిత్రాన్నము పొట్లములు చేతులు మాఱును. ఒకరి బిడ్డ మఱియొకరి యొడిలో కూర్చుండును. దిగునప్పటికి వారందఱును ఒక పెండ్లివారివలె నుందురు. పరాయివానిని గడియలో తనవానిగా చేసికొను ఈ గుణము మన పల్లెలకు సహజమైన సొత్తు. అది నిలువవలసినదే.

అయితే ఒకే పడవలో కూర్చున్నవారికి ఆ దినము కలిసినది మాట మాత్రమే కాదు; ప్రాణము కూడ కలిసినది. ఒకడు చేసిన తప్పు అందఱిని ముంచగలదు; ఒకడు చెప్పిన మంచిమాట అందఱిని కాపాడగలదు. ఈ సంగతిని నదీతీరవాసులు తరతరములుగా ఎఱుగుదురు. చెరువుల క్రింద బ్రతికిన మనము ఎఱుగుట తక్కువ. మన సీమకు నీరు వచ్చినది. నీటిపై నడచుకొనవలసిన మర్యాద యింకను పూర్తిగా రాలేదు. నేడు నేను మీకు విన్నవింపదలచినది ఈ యొక్క మాట. అది యెందువలన జరిగినదో చరిత్ర చెప్పగలదు.

మన పూర్వులు నీటి శాస్త్రము తెలియనివారు కారు. నల్లమలకు ఆవల, కడప సీమలోని పోరుమామిళ్లయందు, మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు గొప్ప చెరువును కట్టించి 1369 లో శాసనము వేయించెను. వేయిమంది పనివారును, నూఱు బండ్లును రెండేండ్లపాటు దినదినము పనిచేసిన సంగతి అందులో చెక్కబడియున్నది. మంచి చెరువునకు ఉండవలసిన అంగములు 12 అనియు, తొలగింపవలసిన దోషములు 6 అనియు ఆ శాసనము లెక్కించినది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రము నెఱిగిన పండితుడు, గట్టినేల, తీయని నీటి యేరు, రాతికట్ట, కట్టకు దగ్గఱనే రాతిగని, క్రింద సారవంతమైన పొలము, కట్ట కట్టుటలో నేర్పరులైన పనివారు – ఇట్టివి ఆ అంగములు. వానిలో పడవకు స్థానము లేదు.

అది లోపము కాదు. చెరువు ప్రయాణమునకు ఏర్పడినది కాదు. చెరువు నీరు పొలమునకు, పశువునకు, కడవకు, చాకిరేవునకు. చేపలు పట్టు బెస్తలు తెప్పలు వేసికొందురు. ఈత నేర్చు పిల్లలు ఎండిన సొరకాయ బుఱ్ఱలను నడుమునకు కట్టుకొందురు. సామాన్య గృహస్థునకు నీటిపై తేలు వాహనమును చూచు భాగ్యము దేవుని తెప్పోత్సవము నాడే. ఆ తెప్పలో విహరించువాడు స్వామి. గట్టుపై నిలిచి చూచువారము మనము. ఇట్లు మన సీమలో కట్టను కాపాడు శాస్త్రము పెరిగినది. తూముకు, కాలువకు, నీటి పంపకమునకు కట్టుబాట్లు ఏర్పడినవి. పడవ నెక్కువానికి వలయు కట్టుబాట్లు ఏర్పడుటకు అవకాశము లేకపోయినది.

ఆ కట్టుబాట్లు ఏర్పడిన సీమ మనకు ఉత్తరమున, తుంగభద్రా కృష్ణా తీరములయందు ఉన్నది. సుమారు 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు దేశీయుడు డొమింగో పేయస్, ఆనెగొంది యొద్ద జనులు తుంగభద్రను దాటు విధమును వ్రాసిపెట్టెను. లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు. గంపవలె గుండ్రనివగు పడవలు. ఒక్కొక్కదానిలో పదునైదుగురు, ఇరువది మంది పట్టుదురట. గుఱ్ఱములను, ఎద్దులను కూడ వానిపై దాటింతురట. తెడ్డు వేసినకొలది అవి గిఱ్ఱున తిరుగుచునే ముందునకు పోవునట. వీనినే మనము పుట్టి అనియు, అరిగోలు అనియు అందుము. ఆ విదేశీయునకు అది వింత. తీరవాసులకు అది నిత్యకృత్యము. పుట్టిలో ఎవరెచ్చట కూర్చుండవలెనో నిర్ణయించువాడు తెడ్డు పట్టినవాడే. సాహుకారైనను, రెడ్డియైనను, పురోహితుడైనను రేవు దాటువఱకు అతని మాట జవదాటరాదు.

యాత్రలు చేయువారికి ఈ రేవులు తప్పనివి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18 న చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేఱి, మన అహోబిలమును, మహానందిని, శ్రీశైలమును సేవించి, కృష్ణను దాటి హైదరాబాదు చేరెను. 1838 లో అచ్చుపడిన ఆయన కాశీయాత్ర చరిత్రమును చదివినవారికి, ఆ కాలమున పరివారముతో ఒక నదిని దాటుట యెంతటి కార్యమో తెలియును. నాడు పడవ వేడుక కాదు, అవసరము. అవసరముతో ఎక్కినవాడు భయభక్తులతో ఎక్కును.

మన నంద్యాల సీమకు కూడ పడవలు ఒకసారి వచ్చినవి. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అను ఇంగ్లీషు వర్తకసంఘము 1860 తరువాత త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ, సేద్యమునకును, పడవల రాకపోకలకును కలిపి ఉద్దేశింపబడినది. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట యొద్ద బయలుదేఱి, నంద్యాల ప్రాంతముమీదుగా అది కడపవఱకు సాగును. కంపెనీ లాభములు పొందలేకపోగా 1882 లో దొరతనమువారు దానిని కొనిరి. కోస్తా జిల్లాలలో గోదావరి కాలువలపై, బకింగుహాము కాలువపై వృద్ధిపొందిన పడవ ప్రయాణము మన కాలువపై అట్లు పాదుకొనలేదు. కాలువ మిగిలినది, పొలము పండినది, పడవ మఱుగుపడినది.

రేవుకు ధర్మశాస్త్రమును కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుడు అను అధికారి కర్తవ్యములు చెప్పబడినవి. చాలినంత మంది పనివారు లేకను, సాధనములు లేకను, మరమ్మతు లేకను నడపిన నావ చెడిపోయినచో నష్టమును ఆ యధ్యక్షుడే ఇచ్చుకొనవలెనని అందు నియమము. మనుస్మృతియందు నావికుల తప్పువలన కలిగిన నష్టమును నావికులందఱును కలిసి భరింపవలెనని యున్నది. దైవికముగా కలిగిన దానికి దండన లేదని వెంటనే చెప్పబడినది. అనగా బహు పూర్వకాలము నుండి మన దేశమున ఒక భేదము గుర్తింపబడియున్నది: గాలివాన వలన మునుగుట వేఱు, అశ్రద్ధవలన మునుగుట వేఱు. రెంటిని కలిపి “అంతయు కర్మ” యనుట శాస్త్రసమ్మతము కాదు.

ఆంగ్లేయుల కాలమున ఈ రాజధానిలో 1890 నాటి కాలువల, ప్రజా రేవుల చట్టము పుట్టినది. సముద్రయానమునందును ఇట్టి కట్టుబాటు కొఱకు పోరాటము జరిగినది. ఇంగ్లండులో సామ్యూల్ ప్లిమ్సాల్ అను పార్లమెంటు సభ్యుడు, లాభము కొఱకు ఓడలకు మితిమీఱిన బరువు నెక్కించుటను ఎదిర్చి పోరాడగా, 1876 లో ఓడ ప్రక్కన బరువు గీత గీయవలెనను శాసనము వచ్చినది. నీరు ఆ గీతను తాకినదా, ఇక నొక మూటయు ఎక్కింపరాదు. చదువురాని కూలివాడును గుర్తుపట్టగల గీత యది. మన దేశమున 1917 నాటి చట్టమును తొలగించి 2021 లో లోనాటి జలమార్గ నౌకలకు క్రొత్త చట్టము చేయబడినది. యంత్రముతో నడచు నౌకకు తనిఖీ, నమోదు, నడపువారికి యోగ్యతాపత్రము ఉండవలెనని దాని సారాంశము.

ఇక అవుకునకు మహాజలము వచ్చిన విధమును చెప్పవలెను. కృష్ణపై శ్రీశైలము ఆనకట్టకు 1963 లో శంకుస్థాపన జరిగినది. దాని వెనుక నిలిచిన నీరు కృష్ణాతీరమున అనేక గ్రామములను ముంచినది. సప్తనదీ సంగమమని పేరొందిన సంగమేశ్వరాలయము నేటికిని సంవత్సరమున పెక్కు నెలలు ఆ నీటి క్రిందనే యుండి, వేసవిలో మాత్రమే బయటపడును. ఆ నీటిలో ఒక భాగము పోతిరెడ్డిపాడు తూముల ద్వారా బానకచర్లకు చేరి, అచ్చట నుండి శ్రీశైలము కుడి కాలువగా గోరకల్లు జలాశయమునకును, అవుకునకును వచ్చుచున్నది. కొండ అడ్డగింపగా సొరంగములు తొలిచిరి. లోపల వదులురాయి విఱిగి పడుటచే ఆ పని యేండ్లతరబడి సాగి, 2023 నవంబరులో రెండవ సొరంగము పూర్తియై నీరు విడువబడినది. 4 టీ.ఎం.సీ.లకు మించిన నీరు పట్టు అవుకు జలాశయము నుండి గాలేరు–నగరి వరదకాలువ గండికోట వైపు పోవును. మన పాత చెరువులకు ఇది పోలిక కాదు. దీనిలో లోతును గట్టునుండి అంచనా వేయజాలము. నీటి మట్టము వానతో కాక తూముల తలుపులతో ఎక్కుచు తగ్గుచు నుండును. కొండల సందు నుండి వీచు గాలికి ఇచ్చట అలలు లేచును. ఊరు ఎందఱో విడిచిన నేలమీదుగా వచ్చిన నీరిది. వేడుకగా చూడవచ్చును గాని తేలికగా చూడరాదు.

పడవ అవసరమునుండి వేడుకలోనికి మాఱుటయు మన కన్నుల యెదుట జరిగినదే. గోదావరిపై రాజమహేంద్రవరము నుండి పాపికొండల సందున భద్రాచలము వైపు పోయిన లాంచీలు మొదట ప్రయాణసాధనములు; పిమ్మట పాపికొండలను చూచుటయే ప్రయాణమైనది. నాగార్జునసాగరమున మునుగనున్న శ్రీపర్వత విజయపురిని 1954 నుండి 1960 వఱకు త్రవ్వి, శిథిలములను కొండపైకి చేర్చిరి. ఆ కొండ ద్వీపమైనది. లాంచీపై పోయి అచ్చటి ప్రదర్శనశాలను చూచి సాయంకాలమునకు మరలి వచ్చుట తెలుగువారి విహారములలో పేరుగన్నది. ఇట్టివి మంచివి. దేశమును చూడనివానికి దేశముపై ప్రేమ కలుగుట కష్టము.

కాని అవసరము పోయి వేడుక వచ్చినప్పుడు నాలుగు మార్పులు వచ్చినవి. రేవు దాటువాడు పడవవానిని యెఱుగును; విహారి యెఱుగడు. దాటువాడు మూట పట్టుకొని కదలక కూర్చుండును. విహారి ఫోటో కొఱకు లేచి నిలుచును. దాటువానికి దృష్టి గట్టుపై. విహారికి దృష్టి కొండపై, పక్షిపై. దాటువాడు వరదను చూచి రేపు దాటుదుననును; విహారికి సెలవు నేడే, రేపు లేదు.

పడవ ఏల ఒరుగునో మనకు తెలిసిన బండిని బట్టి చెప్పెదను. గడ్డిని పల్లముగా పఱచిన బండి గతుకులో ఊగినను నిలుచును. ఎత్తుగా వామివలె పేర్చిన బండి చిన్న మలుపులోనే పడిపోవును. బరువు అదే, ఎత్తు మాఱినది. పడవలో మనుష్యుడు కూర్చుండుట పల్లపు మోపు, నిలువబడుట ఎత్తు మోపు. పదిమంది ఒకే ప్రక్కకు పోయి “అదిగో” యని చూచినచో మోపు జరిగిన బండియే. దానికి తోడు అడుగున చేరిన నీరు ఒరిగిన వైపునకే పరుగెత్తి ఒరుగును హెచ్చించును. అందుచేతనే పాత పడవవారు లోపలి నీటిని చేదతో తోడుచునే యుందురు. అది వారి చాదస్తము కాదు.

2017 నవంబరు 12 న, కార్తికమాసమున, విజయవాడ యొద్ద పవిత్రసంగమమున హారతి చూడబోయిన యాత్రికుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15 న గోదావరి వరదలో నున్నప్పుడు పాపికొండల యాత్రకు బయలుదేఱిన నౌక కచ్చులూరు యొద్ద మునుగగా సుమారు 50 మంది పోయిరి. ఆ తరువాత గోదావరీ కృష్ణా తీరములందును, విశాఖ ఋషికొండ యొద్దను పడవలను పర్యవేక్షించు కేంద్రములు 9 నెలకొల్పబడినవి. 2023 మే నెలలో మన అవుకు జలాశయమునందే విహారమునకు ఎక్కినవారి పడవ మునిగి ప్రాణనష్టమైనది. మహానదులే ముంచునని, నిలువ నీరు ముంచదని తలచినవారికి ఆ దినము సమాధానము దొరకినది.

ఈ వార్తలు విని పిల్లలను నీటికి దూరముగా నుంచుద మనుట పరిష్కారము కాదు. బావి యున్నదని ఇల్లు విడువము. గిలక, గట్టు ఏర్పఱచుకొందుము. అట్లే రేవుకును మర్యాద ఏర్పఱచుకొనవలెను. అది బరువైన శాస్త్రము కాదు. పడవ పట్టు సంఖ్య యెంతయో ఎక్కకముందే అడుగవలెను; ఆ సంఖ్య నిండినచో తరువాతి పడవకు నిలువవలెను. తేలుడు చొక్కా కట్టుకొనిన తరువాతనే, బొత్తములును పట్టీలును బిగించిన తరువాతనే కాలు మోపవలెను. ఉక్కగా నున్నదని దానిని విప్పి ఒడిలో పెట్టుకొనుట కట్టుకొనకుండుటతో సమానము. పిల్లలకు వారి కొలతది కావలెను. కూర్చున్నచోటు విడువరాదు. గాలి లేచినను, మబ్బు క్రమ్మినను పడవవాడు వెనుకకు త్రిప్పుద మన్నచో “డబ్బు లిచ్చితిమి గదా” యనరాదు. త్రాగినవాడు నడపు పడవను, త్రాగినవారు ఎక్కిన పడవను విడువవలెను. పిల్లలకు బడియీడునందే ఈత నేర్పవలెను.

వీనిలో అన్నిటికంటె కష్టమైనది ఎక్కనని చెప్పుట. క్రొత్తగా కలిసినవారి యెదుట పిఱికివాడననిపించుకొనుటకు ఎవరికిని మనసొప్పదు. అందఱు ఎక్కుచుండగా ఒక్కడు నిలిచినచో వేడుక చెడునను మొగమాటము కలుగును. ఇచ్చటనే పెద్దల పని యున్నది. యువకుడు చెప్పినచో తగవగును. తల నెఱసినవాడు “నాయనా, ఈ పడవ నిండినది, తరువాతి దానిలో పోదము” అన్నచో పదిమంది ఆగుదురు. పెండ్లిలో పంక్తి సరిచేయుటకు, పంచాయతిలో మాట తెంపుటకు పెద్దఱికమును వాడుకొనుచున్నాము. రేవునందు కూడ దానిని వాడవలెను. ఇది మీ సొంత మనుమని కొఱకు మాత్రమే కాదు. ఆ దినమే మొదటిసారి చూచిన పరాయి బిడ్డ కొఱకు కూడ.

మన భాషలో ఒక సామెత గలదు: ఏరు దాటువఱకు ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య. దానిని కృతఘ్నత పైని వాడుదుము. అయితే దానిలో మఱియొక సంగతి యణగియున్నది. నీటిపై నున్నంతసేపు మల్లయ్యయే ప్రభువని మన పూర్వులు ఒప్పుకొనిరి. నేటి విహారి మల్లయ్యకు రేవు దాటక మునుపే బోడి మల్లయ్య యని పేరు పెట్టి, పాటలు పాడుమనియు, వేగముగా పొమ్మనియు, ఇంకొక నలుగురిని ఎక్కించుకొమ్మనియు ఆజ్ఞాపించుచున్నాడు. మల్లయ్యయు నాలుగు రూకల కొఱకు తల యూచుచున్నాడు. ఇద్దఱును తమ ధర్మము తప్పినప్పుడు చట్టము గట్టుపైననే నిలిచిపోవును.

పడవవానికి ప్రభుత్వమును, నీటికి గౌరవమును, తోడివానికి జాగ్రత్తను మరల ఇచ్చినచో అవుకు నీటిపై గడపు దినము పిల్లలకు జీవితాంతము తలచుకొనదగిన వేడుక యగును. పోరుమామిళ్ల శాసనకర్త చెరువునకు పండ్రెండు అంగములు చెప్పెను. పడవ తిరుగు చెరువునకు పదుమూడవ అంగము ఒకటి చేర్పవలసియున్నది. అది రేవులో నిలిచి, నిండిన పడవను చూచి, “ఇక చాలు” అనగల ఒక పెద్దమనుష్యుడు.